పోపుల డబ్బాలో మందులు: మీ ఇంట్లో నిజంగా పనిచేసినవేంటి?

మియాపూర్ కోడలు | శుక్రవారం రాత్రి 11:48

పెద్దాడికి నాలుగేళ్ళు, చిన్నదానికి ఎనిమిది నెలలు. మూడు రోజులుగా ఇద్దరికీ జలుబు. పగలంతా ఇల్లు పీకి పందిరేస్తారు, పడుకోగానే పెద్దాడికి దగ్గు మొదలు. నిన్న డాక్టర్‌కి చూపించాం. ఊపిరితిత్తులు బాగున్నాయి, వైరల్ అన్నారు. జ్వరం వస్తే వేయమని పారాసెటమాల్ రాశారు, దగ్గు సిరప్ అక్కర్లేదన్నారు. సరే అని వచ్చేశాను గానీ, రాత్రి పదకొండు దాటాక వాడు దగ్గుతుంటే "అక్కర్లేదు" అన్న మాట పట్టుకుని కూర్చోలేకపోతున్నాను.

అత్తయ్య ఉంటే ఈపాటికి ఏదో ఒకటి నూరి పోసేవారు. ఆవిడ మా ఆడపడుచు పురిటికని రాజమండ్రి వెళ్ళారు. ఈ టైంలో ఫోన్ చేసి లేపలేను. వాట్సాప్ ఫార్వర్డులు నా దగ్గరే బోలెడున్నాయి, అవి వద్దు. మీరు చేసి చూసినవి మాత్రమే చెప్పండి. దగ్గు ఒక్కటే కాదు, వేరేవాటికి తెలిసినవి కూడా రాయండి, రాసిపెట్టుకుంటాను.

గోదారి గట్టు | 11:56

మిరియాల పాలుండగా టెన్షన్ ఎందుకమ్మాయ్? నాలుగేళ్ళవాడికి రెండు మిరియాలు చాలు. రోట్లో కచ్చాపచ్చాగా దంచు. మిక్సీలో వేశావా, మెత్తటి పొడై వడకట్టులోంచి జారిపోతుంది, గొంతుకి తగిలి ఇంకా దగ్గుతాడు. అర గ్లాసు పాలలో వేసి రెండు పొంగులు రానిచ్చి, చిటికెడు పసుపు వేసి, వడకట్టి, పటికబెల్లం కలిపి గోరువెచ్చగా పట్టించు. పసుపు చిటికెడంటే చిటికెడే. ఎక్కువైతే చేదెక్కి ఉమ్మేస్తాడు. మా మనవడు నా ఉప్పాడ చీర మీద ఉమ్మాడు, ఆ మరక ఇంకా పోలేదు.

పాలమూరు పిల్లోడు | శనివారం 12:04

అక్కా, మా దిక్కు వాముని ఓమ అంటాం. మా నాయనమ్మ సర్ది చేస్తే ఓమ మూటే పెట్టేది. గుప్పెడు ఓమ పెనం మీద సన్న సెగన వేడి చెయ్యాలి. చిటపటలాడే దాకా ఉంచితే మాడు వాసన వస్తుంది. ఘాటు ముక్కుకి తగలగానే దించి, పాత ధోవతి గుడ్డలో మూట కట్టాలి. కొత్త గుడ్డైతే గంజి ఉంటుంది, వేడి సరిగ్గా తెలవదు. మూటని ముందు మన మోచేతి లోపలి వైపు పదిదాకా లెక్కపెట్టేంత సేపు ఆనించి చూడాలి. మనకి హాయిగా ఉంటేనే పిల్లోడికి, అదీ చొక్కా మీదనుంచే. మా నాయనమ్మ అయితే ముందు తన బుగ్గకి ఆనించుకునేది.

దగ్గు పూర్తిగా పోతుందని చెప్పను. పిల్లోడు పడుకుంటాడు.

కడప కారం | 12:10

చిన్నదానికి తులసి రసంలో తేనె కలిపి రెండు చుక్కలు నాలుక మీద రాయండి. ఆ వాము మూటలోనే ఓ కర్పూరం బిళ్ళ నలిపి వేసి ఉయ్యాలకి కట్టండి. తెల్లారేసరికి ముక్కు ఫ్రీ అయిపోతుంది. మా ముగ్గురు పిల్లలకీ ఇదే చేశాం.

రిటైర్డ్ నర్సమ్మ | 12:13

మియాపూర్ అమ్మాయ్, చిన్నదానికి తేనె పెట్టావా? పెట్టకపోతే పెట్టకు. ముందు ఆ ఒక్క ముక్కా చెప్పు, మిగతాది తర్వాత రాస్తాను.

మియాపూర్ కోడలు | 12:15

లేదు సిస్టర్ గారూ. సీసా మూత తీశాను, అంతే.

రిటైర్డ్ నర్సమ్మ | 12:27

సరే, మూత పెట్టెయ్. ఏడాది నిండని బిడ్డకి తేనె చుక్క కూడా నాకించకూడదు. తేనెలో బొటులిజం అనే జబ్బు తెచ్చే సూక్ష్మజీవి బీజాలు ఉండొచ్చు. మన పేగుల్లో అవి మొలకెత్తలేవు, పసిబిడ్డ పేగుల్లో మొలకెత్తి విషం తయారు చేస్తాయి. ముందు మలబద్ధకం, తర్వాత ఏడుపు నీరసపడుతుంది, మెడ నిలవదు, పాలు తాగలేదు. అరుదే. కానీ ఏ సీసాలో ఉందో చూసి చెప్పలేం, కాచినా ఆ బీజాలు చావవు.

కర్పూరం కూడా వద్దు. రెండేళ్ళలోపు పిల్లల దగ్గర అసలు వాడకూడదు. నోట్లో పెట్టుకుంటే కొంచానికే ఫిట్స్ వస్తాయి. ముప్పై ఏళ్ళు పిల్లల వార్డులో చేశాను, ఉయ్యాలకి కట్టిన మూటని ఏ బిడ్డ లాక్కుని చప్పరించదో నాకు చూపించండి.

చిన్నదానికి చేయాల్సింది సులువు. మెడికల్ షాపులో ఉప్పునీటి ముక్కు చుక్కలు దొరుకుతాయి. పాలకి ముందు ఒక్కో ముక్కులో రెండు చుక్కలు. ముక్కు తెరుచుకుంటే పాలు తాగుతుంది, పాలు తాగితే నిద్రపోతుంది.

పెద్దాడికి ఏడాది ఎప్పుడో దాటింది కాబట్టి పడుకునే ముందు ఒక చిన్న చెంచా తేనె భేషుగ్గా ఇవ్వు. పిల్లల రాత్రి దగ్గుకి అది పనికొస్తుందని పరిశోధనల్లో కూడా తేలింది. సిరప్ వద్దన్న డాక్టర్‌ మంచి పని చేశారు. 2025లో మధ్యప్రదేశ్ ఛింద్వాడాలో కల్తీ దగ్గు సిరప్ తాగి పిల్లలు చనిపోయాక, రెండేళ్ళలోపు వాళ్ళకి దగ్గు మందులు రాయొద్దని, ఐదేళ్ళలోపు వాళ్ళకి మామూలుగా అవసరం లేదని కేంద్ర ఆరోగ్యశాఖే చెప్పింది.

ఇప్పుడు ఒక పని చెయ్యి. ఇద్దరూ నిద్రలో ఉన్నప్పుడు చొక్కా ఎత్తి, పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో నిండా ఒక నిమిషం లెక్కపెట్టు. రెండు నెలల నుంచి ఏడాదిలోపు బిడ్డకి 50, ఏడాది నుంచి ఐదేళ్ళ వాళ్ళకి 40. ఆ అంకె తాకినా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగకపోయినా ఏ చిట్కా కోసమూ ఆగకుండా ఆసుపత్రికి పోవడమే.

కడప కారం | 12:33

మేమంతా తేనె నాకే పెరిగాం మేడమ్. బతకలేదా?

రిటైర్డ్ నర్సమ్మ | 12:35

బతికినవాళ్ళమే కదా బాబూ ఇక్కడ కూర్చుని రాస్తున్నాం.

మియాపూర్ కోడలు | 12:52

ఫోన్‌లో టైమర్ పెట్టి లెక్కపెట్టాను. చిన్నది 36. మధ్యలో కదిలితే లెక్క తప్పి మళ్ళీ మొదట్నుంచి. పెద్దాడు 26. తేనె ఇచ్చాను, ఇంకో చెంచా కావాలని గొడవ. ఓమ మూట కూడా పెట్టాను (పెనం నిండా వాసన, రేపు దోసెలకి ఏం చేయాలో). ఇప్పుడు నిద్రపోతున్నాడు. నాకే నిద్ర పట్టట్లేదు.

ఫ్రిస్కో నుంచి | ఉదయం 6:20

ఇక్కడ టెక్సాస్‌లో మా పిల్లల డాక్టర్ కూడా అదే చెబుతుంది, ఏడాది దాటాక తేనె, అంతకుముందు సున్నా. షాపులో అమ్మే దగ్గు, జలుబు మందుల సీసాల మీద నాలుగేళ్ళలోపు వాడొద్దని రాసి ఉంటుంది.

మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు శొంఠి, కరక్కాయ, వస కొమ్ముతో పాటు సానరాయి కూడా తెచ్చింది. రెండు కిలోలు! దానికోసం ఆవకాయ జాడీ దింపేసి వచ్చిందట, ఆ బాధ నాకింకా ఉంది. పాపకి రోజూ వస అరగదీసి నాకిస్తే మాటలు బాగా వస్తాయని ఆవిడ పట్టు. ఆర్నెల్లదాకా తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా పెట్టొద్దని డాక్టర్ పట్టు. వస నూనెలో ఉండే ఒక పదార్థం ఎలకల్లో కాన్సర్ తెచ్చిందని ఈ దేశంలో దాన్ని తిండిలో కలపడం 1968లోనే నిషేధించారు. చివరికి వస కొమ్ముని గాజులా పాప చేతికి కడదామంది అమ్మ, నోట్లో పెట్టుకుంటుందని అదీ కుదర్లేదు. ఇప్పుడు పాపకి మూడేళ్ళు. వస నాకకుండానే వసపిట్టలా వాగుతోంది.

బెజవాడ బందరు రోడ్డు | 8:05

విరేచనాల గురించి నేను రాస్తాను, అనుభవం అలాంటిది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా అక్కవాళ్ళిల్లు నీళ్ళలోనే ఉంది. నీళ్ళు తీశాక ఇంట్లో నలుగురికీ విరేచనాలు. విరేచనాలప్పుడు నీళ్ళలో కలిపి తాగే ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్లు దొరక్క ఇంట్లోనే కలిపాం. కాచి చల్లార్చిన నీళ్ళు లీటరు, చక్కెర ఆరు టీ చెంచాలు, ఉప్పు అర టీ చెంచా. చెంచాలు తలకొట్టి కొలవాలి, గోపురంలా కాదు. మా బావ మొదట కూరల గరిటెతో ఉప్పు పోశాడు. అక్క ఒక చుక్క నోట్లో వేసుకుని మొత్తం పారబోసింది. కన్నీళ్ళకంటే ఉప్పగా ఉండకూడదని ఆశా కార్యకర్త ఎప్పుడో చెప్పింది తనకి గుర్తుంది. ఉప్పు ఎక్కువైతే పిల్లలకి ప్రమాదం, చక్కెర ఎక్కువైతే విరేచనాలు పెరుగుతాయి.

ప్యాకెట్ దొరికితే ప్యాకెట్టే మేలు, అందులో పొటాషియం కూడా ఉంటుంది. లీటరు ప్యాకెట్‌ని లీటరులోనే కలపాలి. గ్లాసులో సగం పొడి వేసి, మిగతాది మడిచి రబ్బరు బ్యాండు వేసి ఫ్రిజ్ మీద పెట్టేవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు. గంజిలో చిటికెడు ఉప్పు, పల్చటి మజ్జిగ కూడా మంచివే. చిన్నపిల్లలైతే తల్లిపాలు ఆపకూడదు.

రిటైర్డ్ నర్సమ్మ | 8:31

చక్కగా రాశావు. పిల్లలకైతే దాంతోపాటు జింక్ మాత్రలు కూడా 10 నుంచి 14 రోజులు ఇస్తారు, ఆరోగ్య కేంద్రంలో ఉచితం. విరేచనాలు ఆగాయని మధ్యలో మానేస్తారు చాలామంది, మానకూడదు.

ఈ ఉప్పు చక్కెర నీళ్ళని చిట్కా అని తీసిపారేయకండి. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా వచ్చింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. బన్‌గావ్‌లో దిలీప్ మహలనబీస్ అనే డాక్టర్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన పొడిని నీళ్ళలో కరిగించి డ్రమ్ముల్లో పోయించి, తల్లుల చేతే తాగించారు. నూటికి ముప్పైదాకా పోతున్న ప్రాణాలు, అలా తాగినవాళ్ళలో నూటికి నాలుగు లోపుకి తగ్గాయి. ఆయన 2022లో పోయాక 2023లో పద్మవిభూషణ్ ఇచ్చారు.

కూకట్‌పల్లి కెమిస్ట్ | 9:02

మందుల షాపు వాణ్ణి. ఓఆర్ఎస్ అని రాసి టెట్రా ప్యాకుల్లో వచ్చే తియ్యటి డ్రింకులని ఇన్నాళ్ళూ జనం మందనుకుని కొన్నారు, మేమూ అమ్మాం, దాచేదేముంది. వాటిలో చక్కెర ఎక్కువ, ఉప్పు తక్కువ. మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి వెంటపడితే, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాటి మీద రాయొద్దని ఉత్తర్వులిచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా పొడి ప్యాకెట్ అడగండి. లీటరుకి 20.5 గ్రాములు, వెనక రాసి ఉంటుంది.

హాస్టల్ బ్యాచ్ | 9:40

ఎక్కిళ్ళకి ఏంటి మందు? మా రూమ్మేట్‌కి గంట నుంచి ఆగట్లేదు.

గోదారి గట్టు | 9:44

చెంచా పంచదార నోట్లో వేసుకుని నెమ్మదిగా కరగనివ్వమను. లేదంటే పరీక్షలు ముందుకి జరిపారని చెప్పు.

హాస్టల్ బ్యాచ్ | 9:51

రెండోది పనిచేసింది.

ఒంగోలు గిత్త | 10:30

అందరూ సరదాగా రాస్తున్నారు, నాది కొంచెం వేరు. వాము పేరు కనబడితే నాకు మా నాన్నే గుర్తొస్తాడు.

మా నాన్నకి అప్పుడు 58. రాత్రి రెండింటికి లేచి గ్యాస్ పట్టేసిందిరా అన్నాడు. గుండెల్లో మంట, ఎడమ దవడ లాగుతోంది, బనీను తడిసిపోయింది. ముందురోజు పెళ్ళిలో వంకాయ కూర గట్టిగా తిన్నాడు కాబట్టి మేమూ గ్యాసే అనుకున్నాం. మంచం మీద కూర్చుని, అరచేతిలో వాము పోసుకుని, బొటనవేలితో ఉప్పురాయి వేసి నలుపుతూ, పొట్టు ఊదుతున్నాడు. ఆ పని ఆయన రోజూ భోజనమయ్యాక చేసేదే. ఆ రాత్రి ఊదడానికి ఊపిరి చాలక మధ్యలో ఆగాడు. అది చూసి కూడా నాకు అనుమానం రాలేదు. వేడినీళ్ళిచ్చాను. మూడింటికి సోడా తెచ్చాను. నాలుగింటికి మాత్ర వేశాను. కాస్త నిమ్మళించింది అన్నాడు.

ఏడింటికి ఆసుపత్రిలో ఈసీజీ తీసి, ఎన్నింటికి మొదలైందని అడిగారు. రెండింటికి అంటే ఆ డాక్టర్ ఏమీ అనలేదు. స్టెంట్ వేశారు, నాన్న ఉన్నాడు. కానీ గుండె పంపింగ్ 35 శాతం. మేడ మెట్లు ఎక్కలేడు. ఐదు గంటలు వాము నమిలించాను నేను.

ఇప్పటికీ మా ఇంట్లో వాము ఉంది, నాన్న ఇప్పటికీ భోజనమయ్యాక నములుతాడు. కడుపుబ్బరానికి మంచిదే. చెమట, దవడ, ఎడమ చెయ్యి, ఆయాసం, వీటిలో ఏది తోడైనా 108కి ఫోన్ చేసి ఆ తర్వాత కావాలంటే వాము వెతకండి.

రిటైర్డ్ నర్సమ్మ | 10:41

నువ్వు చేసింది ఈ రాష్ట్రంలో ప్రతి ఇంట్లోనూ చేస్తారు బాబూ. దాన్ని మనసులో పెట్టుకుని కుమిలిపోకు. షుగర్ ఉన్నవాళ్ళకీ ఆడవాళ్ళకీ ఛాతీ నొప్పి లేకుండా నీరసం, వాంతి, పైపొట్టలో మంట మాత్రమే రావడం కూడా చూశాను. గ్యాస్ అని తేలినా ఈసీజీ తీయించుకున్నందుకు నవ్వేవాళ్ళెవరూ ఉండరు.

కడప కారం | 11:15

నిన్న నేను కాస్త దురుసుగా రాశాను సిస్టర్, ఏమనుకోకండి. మా చిన్న చెల్లెలి బాబుకి కర్పూరం మూట ఉంది, ఇప్పుడే ఫోన్ చేసి తీయించాను.

ఇంకోటి అడుగుతాను. కాలితే మేం టూత్‌పేస్ట్ రాస్తాం. అదీ తప్పేనా?

రిటైర్డ్ నర్సమ్మ | 11:22

తప్పే. పేస్టు, సిరా, పసుపు, పిండి, ఐసు, ఏదీ వద్దు. కుళాయి తిప్పి, పారే మామూలు నీళ్ళ కింద 20 నిమిషాలు. రెండు నిమిషాలకే చల్లబడిందని తీసేస్తారు, లోపల ఇంకా ఉడుకుతూనే ఉంటుంది. గాజులు, ఉంగరాలు వాపు రాకముందే తీసేయండి. బొబ్బ చిదపకండి. పేస్టు రాసుకొస్తే అది గీకి కడగడం మా పని, అరుపులు మీవి.

ఆవిరి గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. జలుబుకి ఆవిరి పడితే హాయిగా ఉంటుంది, కాదనను. కానీ ఒళ్ళో మరిగే నీళ్ళ గిన్నె, నెత్తిన దుప్పటి, దాని కింద కదలకుండా కూర్చోలేని నాలుగేళ్ళవాడు... తొడలు కాలి వార్డుకొచ్చిన పిల్లల్ని చూసినదాన్ని. పిల్లలకి ఆవిరి వద్దు.

బయోకెమ్ వాసు | మధ్యాహ్నం 1:10

గోదారి గట్టు గారి పాలలో ఒక చిన్న సైన్సు. పసుపులో కర్క్యుమిన్ అనే పదార్థం మూడు శాతం దరిదాపుల్లో ఉంటుంది, అదీ ఒంటికి సరిగ్గా పట్టదు. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాలవాళ్ళు మిరియాల్లోని పైపరిన్‌తో కలిపి ఇస్తే చాలా రెట్లు ఎక్కువగా పట్టిందని చూపించారు. అయితే వాళ్ళు వాడింది రెండు గ్రాముల శుద్ధ కర్క్యుమిన్. మన చిటికెడు పసుపులో అంత లేదు. గొంతుకి హాయిగా ఉండేది వేడి పాలవల్లనే అని నా అనుమానం.

గాయానికి పసుపు మా సొంతమని అమెరికాలో 1995లో పేటెంట్ తీసుకుంటే, మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు చూపించి 1997లో రద్దు చేయించింది. పాతకాలం నుంచీ ఉన్నదని నిరూపించారు. అంతమాత్రాన కత్తి దిగిన లోతు గాయానికి కారం డబ్బా పక్కనున్న పసుపు అద్దమని కాదు. నీళ్ళతో, సబ్బుతో కడగండి, టీటీ ఇంజెక్షన్ చూసుకోండి.

గోదారి గట్టు | 1:18

వేడి పాలవల్లనేనా? మరి నా మిరియాలేం చేశాయి నాయనా?

బయోకెమ్ వాసు | 1:20

మిరియాలు లేకపోతే తాగినట్టు ఉండదండీ.

పాలమూరు పిల్లోడు | 2:45

పంటి నొప్పికి లవంగం పనిచేస్తది, నేను గ్యారంటీ. నొప్పి పన్ను కింద పెట్టుకుని మెల్లగా నమిలితే ఐదు నిమిషాల్లో మొద్దుబారుతుంది. మా పళ్ళ డాక్టర్ దగ్గర కూడా అదే వాసన, అడిగితే లవంగ నూనెలోని యూజెనాల్‌ని సిమెంట్‌లో కలుపుతామన్నాడు. కానీ లవంగంతో నాలుగు నెలలు నెట్టుకొచ్చి, చివరికి రూట్ కెనాల్ చేయించుకున్నాను. అప్పుడే పోతే చిన్న ఫిల్లింగ్‌తో అయిపోయేది.

ఫ్రిస్కో నుంచి | 6:10

గోరుచుట్టుకి నిమ్మకాయ తొడుక్కుని బడికి పోయిన వాళ్ళెవరైనా ఉన్నారా ఇక్కడ? నేను పోయాను. క్లాసంతా నవ్వింది. చల్లగా ఉండేది, అంతే, చీము మాత్రం దాని టైంకి అదే వచ్చింది.

కూకట్‌పల్లి కెమిస్ట్ | 6:34

గోరువెచ్చటి నీళ్ళలో రోజుకి మూడు నాలుగుసార్లు, పావుగంట చొప్పున వేలు ముంచండి. కంటి కురుపుకి కూడా వేడి కాపడమే, శుభ్రమైన గుడ్డతో. షుగర్ ఉంటే మాత్రం గోరుచుట్టుని నిమ్మకాయకి వదిలేయకండి. చెవిలో వెల్లుల్లి నూనె పోయకండి, కర్ణభేరికి చిల్లు ఉందో లేదో మీకు కనబడదు.

తలనొప్పికి మా నాన్న చివరిదాకా అమృతాంజనమే. 1893లో దాన్ని మొదలుపెట్టింది మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారే, ఆంధ్రపత్రిక పెట్టినాయన. తలనొప్పి మందు అమ్మి పత్రిక నడిపారని మా నాన్న ప్రతిసారీ నుదుటికి రాసుకుంటూ చెప్పేవాడు.

మియాపూర్ కోడలు | ఆదివారం సాయంత్రం 5:25

అప్‌డేట్. పెద్దాడి దగ్గు బాగా తగ్గింది, రాత్రి రెండుసార్లే లేచాడు. చిన్నది ముక్కు చుక్కలు వేస్తే నన్ను తంతుంది గానీ, తర్వాత పాలు తాగి పడుకుంటోంది. ఇద్దరి ఊపిరీ ఉదయం మళ్ళీ లెక్కపెట్టాను, బాగానే ఉంది. తేనె సీసా పై అరలోకి పోయింది. కొలత చెంచా ఒకటి కొని ఉప్పు డబ్బాలో పడేశాను.

పొద్దున అత్తయ్యకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. దగ్గు తగ్గిందని వినకముందే "మిరియాలెన్ని వేశావ్?" అన్నారు. రెండు అన్నాను. "వాడికి ఒకటిన్నర చాలు, రెండని ఎవరు చెప్పారు?" అని గట్టిగా అడిగారు. గోదారి గట్టు గారూ, ఏం చెప్పమంటారు?

గోదారి గట్టు | 5:31

రెండే. మీ అత్తగారి నంబరు ఇక్కడ పెట్టకు గానీ, నాకు విడిగా పంపించు.